తలుపుకు అడ్డంగా పులావు గిన్నె

పోయిన ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘానికి కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషి, చలేస్తోందని హాలు తలుపు మూయబోయాడు. పాట మధ్యలో లేచి వెళ్ళి మళ్ళీ బార్లా తెరిచాను. మా క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో చలిగాలి అంటార్కిటికాలో బయలుదేరి, దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా నా బట్టతల మీదే దిగుతుంది. అయినా సరే, ఆ తలుపు మూయనివ్వను.

రిక్కార్టన్ పేటలోని ఈ హాలు అద్దెకు తీసుకున్న కొత్తలో, యవ్వనస్థులు ఎందుకు నిలవడం లేదన్నది మా కమిటీకి మహా ఇష్టమైన చర్చ. ఆ చర్చల్లో కూర్చున్నవాళ్ళలో అందరికంటే చిన్నవాణ్ణి నేను. అప్పటికే మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాను. గిటారు కొందామన్నారు, పిజ్జా తెప్పిద్దామన్నారు. చివరికి మా సంఘపెద్దగారు అసలు జబ్బు కనిపెట్టారు: పిల్లలకు క్రమశిక్షణ లేదు. మొదటి పాట కాగానే తలుపు మూసేయాలి, ఆలస్యమైనవాళ్ళు ప్రసంగం అయ్యేదాకా బయటే ఉండాలి. ఆయన ఆమెన్ అంటే పక్కవీధి డైరీ కొట్లో పాలు విరిగేవి, ఇక ఎదురు చెప్పేదెవరు? గడియ వేసే పని నాకు అప్పగించారు.

ఆ ఆలస్యమయ్యేవాళ్ళు యూనివర్సిటీ పిల్లలు. శనివారం రాత్రంతా వృద్ధాశ్రమాల్లో, పెట్రోలు బంకుల్లో డ్యూటీ చేసి, యూనిఫాం మార్చుకోకుండానే బస్సెక్కి వచ్చేవాళ్ళు. ప్రసంగానికి వాళ్ళ తలలు ఊగుతుంటే భక్తి అనుకునేవాళ్ళం. అది నిద్ర. ఆ సంగతి మాకు వండిపెట్టే ఆంటీకి ఒక్కరికే తెలుసు, ఎందుకంటే వాళ్ళను అడిగింది ఆవిడొక్కతే.

గడియ వేసిన మొదటి ఆదివారం, తలుపు అద్దంలోంచి చూస్తే బయట వానలో పిల్లలు. ఒకమ్మాయి తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అందరూ బస్టాపు వైపు తిరిగారు. ఇక ఎప్పటికీ రారని ఆ వీపులే చెబుతున్నాయి. అంతలో వంటగదిలోంచి ఆంటీ పులావు గిన్నె మోసుకుంటూ వచ్చింది. ఆ గిన్నెలో నీళ్ళు పోస్తే ఒక కుటుంబానికి బాప్తిస్మం ఇవ్వొచ్చు.

"తలుపు తియ్యి బాబూ."

"సిస్టర్, ఆరాధన జరుగుతోంది" అన్నారు సంఘపెద్ద.

"జరగనియ్యండి అన్నయ్యగారూ. మీరు తలుపేసుకుని చేసుకోండి, నేను ఆ పిల్లలతో బయట చేసుకుంటా. రాత్రంతా ముసలోళ్ళకి పక్కలు మార్చి వచ్చారు వాళ్ళు. మీరేమో సుబ్బరంగా నిద్రలేచి వచ్చారు."

నేను గడియ తీశాను. నా జీవితంలో ఏకైక తిరుగుబాటు అదే, దానికి ఇప్పటికీ పశ్చాత్తాపపడను. ఆవిడ గిన్నెను గుమ్మంలో తలుపుకు అడ్డంగా పెట్టి పిల్లలను కేకేసింది. తడిసిపోయిన ఆ అమ్మాయి లోపలికి రావడానికి జంకింది, కూర్చుంటే నిద్రపోతానంది.

"పడుకోమ్మా. దేవుడేం అనుకోడు."

మూత సందులోంచి మసాలా వాసన మొదటి వరుసదాకా పాకింది. సంఘ చరిత్రలో తొలిసారి ప్రసంగం అనుకున్న వేళకు ముగిసింది. ఆ అమ్మాయి గోడకు తలానించి ముగింపు ప్రార్థనదాకా నిద్రపోయింది, ఎవరూ లేపలేదు. మరుసటి ఆదివారం ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది.

పోయిన ఆదివారం కొత్తాయన నన్ను గుర్రుగా చూస్తుండగానే, మూడో పాట అయ్యాక ఆ గుమ్మంలోంచి వాకర్ ఊతంతో మా పాత సంఘపెద్దగారు మెల్లగా నడిచి వచ్చారు. మోకాళ్ళు పోయాక ఆయన ఏ వారమూ వేళకు రాలేదు. ఎవరూ తిరిగి చూడలేదు. ఆ గడియ ఏనాడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కాలం చేసే మంచి పనుల్లో అదీ ఒకటి.