ఫిల్టరు కోసం దాచిన టీ కూపన్లు

కొత్త టీ పొడి పాకెట్టును కత్తెరతో కోసి, లోపలి కూపన్ను పైకి లాగినప్పుడు అది సగమే వచ్చిందనుకున్నాను. మిగతా సగం చిరిగి లోపల ఉండిపోయిందేమోనని పొడినంతా పళ్లెంలో బోర్లించి వెతికాను. ఏమీ లేదు. కూపనే చిన్నదైంది. ఎర్ర రంగు పోయి ఆకుపచ్చ రంగు వచ్చింది. 'ఒక పాయింటు' అని ఉండే చోట 'అర పాయింటు' అని ఉంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పిల్లలిద్దరూ గ్లాసులు పట్టుకొని గడప దగ్గర చాయ్ కోసం కూర్చున్నారు. పెద్దవాడు నా వైపు చూసి నవ్వాడు. పైన కొత్తగా వస్తున్న పన్ను మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార ఉంది.

అలాంటి చార రాకూడదనే నేను ఆ కూపన్లు దాస్తున్నాను.

నేను పెరిగింది జడ్చర్లలో. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. మా ఆయనది కరెంటాఫీసులో ఉద్యోగం కావడంతో పెళ్లయ్యాక నల్లగొండ జిల్లాలోని ఈ ఊరికి వచ్చాను. ఇక్కడి బోరింగు నీళ్లు చూడడానికి తేటగా ఉంటాయి. తాగేవాళ్ల పళ్లు మాత్రం పసుపుపచ్చగా, మచ్చలు పడి ఉంటాయి. ముసలివాళ్లు కొందరు మెడ తిప్పలేరు, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తారు. ఊరివాళ్లకు అది కొత్త కాదు. "మా నీళ్లు గంతే" అంటారు. మా పెద్దవాడికి పాలపళ్లు ఊడడం మొదలైనప్పటి నుంచి నాకు మాత్రం అదే బెంగ. ఊడినవి ఊడిపోతాయి, వచ్చేవి జీవితాంతం ఉండేవి కదా.

అప్పుడే కిరాణా కొట్టు గోడకు టీ పొడి కంపెనీ వాళ్ల రంగు కాగితం ఒకటి అంటించారు. నూట ఇరవై పాయింట్లకు స్టీలు వాటర్ ఫిల్టరు. పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా, ముందు నల్లా, లోపల తెల్లటి క్యాండిళ్లు. కొనాలంటే కిరాయి, బియ్యం, పాలు పోగా మాకు మిగిలేది చాలదు. టీ పొడి ఎట్లాగూ కొంటాం కదా అనుకున్నాను. అంతవరకు అదే కొట్టులో విడి పొడి పొట్లం కట్టించుకునేవాళ్లం. ఆ రోజు నుంచి ఈ కంపెనీ పాకెట్టు తప్ప మరొకటి ముట్టలేదు.

మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ కూడా నాతో కలిసింది. ఆమె భర్త దర్జీ. మిషను తిరిగినంతసేపూ వాళ్లింట్లో చాయ్ ఉడుకుతూనే ఉంటుంది. ఆపా తన కూపన్లన్నీ నాకే తెచ్చి ఇచ్చేది.

"నువ్వు సదువుకున్నదానివి, భద్రంగ పెడ్తవు. ఫిల్టర్ మీ ఇంట్లనే ఉంచు. నాకు దినాం ఒక బిందె ఇస్తె సాలు," అంది.

రెండిళ్ల కూపన్లు కలిసినా నెల నెలా పెరిగేవి కొన్నే. అందుకని తాగడం పెంచాను. ముందు పెద్దవాళ్లకు మాత్రమే పెట్టే చాయ్ పిల్లలకూ పెట్టాను. పొద్దున ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి, దీపాలు పెట్టే వేళకు ఒకటి. పాలు అన్ని లేవు కాబట్టి చెంచాడు పాలు పోసి నల్లటి చాయే ఇచ్చేదాన్ని. ఒకసారి మరిగితే నీళ్లలో దోషం పోతుందని ఇక్కడందరి నమ్మకం. నేనూ అదే నమ్మాను. ఫిల్టరు వచ్చేదాకా ఒట్టి నీళ్లకంటే చాయే నయం అనుకున్నాను.

మా ఆయన ఒకసారి, "కంపెనీకి పిల్లలను రాసిచ్చినవా ఏంది?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి పట్టించుకోలేదు.

ఆకుపచ్చ కూపను వచ్చిన ఆదివారం మా తమ్ముడు వచ్చాడు. హైదరాబాదులో మందుల కంపెనీలో పని చేస్తాడు. కూపను సంగతి చెప్తే నవ్వాడు.

"మా పెద్దసారుకు గూడ గిట్లనే అయిందక్కా. సారు విమానంల తిరుగుతడు. తిరిగినన్ని మైళ్లు జమ చేస్తం, నిండితే టికెట్ ఫ్రీ అన్నరంట. వాళ్ల మేడమ్‌ను తీస్కపోదామని సారు పని లేకున్నా మద్రాస్ పోయొచ్చిండు, మైళ్లు నింపనీకె. తీరా నిండే టైముకు గిన్ని సాలవు, ఇంకా కావాలె అన్నరు. ఆఫీసుల కూసొని ఒకటే తిట్టుడు."

"తిట్టి ఏం చేసిండు?"

"ఏం చేస్తడు. మళ్లా గదే విమానం ఎక్కిండు. గంత జమ అయినంక ఇడిసిపెట్టబుద్ధి కాదట."

వాడు మళ్లీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పొద్దుటే నేను రెండు పాకెట్లు ఎక్కువ తెప్పించాను.

సోమవారం కూపన్లన్నీ చేతిరుమాల్లో కట్టుకొని, పెద్దవాణ్ని వెంటబెట్టుకొని నల్లగొండ బస్సెక్కాను. ముందు టీ కంపెనీ ఏజెంటు దుకాణానికి పోయి, తర్వాత వాడి పన్ను దవాఖానలో చూపించాలనుకున్నాను. నా దగ్గర నూట నాలుగు ఎర్ర కూపన్లు ఉన్నాయి. ఏజెంటు మూట విప్పకుండానే పక్కకు జరిపాడు.

"ఫిల్టర్ ఇప్పుడు రెండు వందల పాయింట్లమ్మా."

"గోడ మీద నూట ఇరవై అని ఉన్నది కద."

"గది పాతది. ఎర్రయి గూడ దసరా దాకనే నడుస్తయి. గా తర్వాత సెల్లవు."

"దసరా ఇంక ఇరవై దినాలే ఉన్నది. అన్ని పాకెట్లు ఎట్ల కొంటం?"

"కొనమని నేనంటున్ననా? కంపెనీ ఇస్తది, కంపెనీ తీస్కుంటది. ఎనుక రాసే ఉన్నది సూడు."

తిప్పి చూశాను. ముందుగా తెలపకుండా ఎప్పుడైనా పథకాన్ని మార్చే హక్కు కంపెనీకి ఉందని చీమల బారులా చిన్న అక్షరాల్లో ఉంది. రెండేళ్లుగా ఒక్కో కూపన్నూ ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి దాచినదాన్ని, ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు.

ఉన్నవాటికి ఏమొస్తుందని అడిగాను. ఆరు స్టీలు గ్లాసులొస్తాయన్నాడు. తీసుకున్నాను.

దవాఖానలో పళ్ల డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. మావాడి పెదవి పైకెత్తి చూసి, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతావని వాణ్నే అడిగింది.

"నీళ్లు ఎక్కువ తాగ. చాయ్ తాగుత. మూడు సార్లు," అన్నాడు వాడు. "మా అమ్మ కూపన్లు జమ చేస్తాంది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఫిల్టరు సంగతి మొత్తం చెప్పాను.

"మీరేం చదివారమ్మా?"

చెప్పాను.

"మరి ఉప్పు కలిపిన నీళ్లు ఆ క్యాండిల్లో పోస్తే చప్పగా దిగుతాయా?"

దిగవు. తల అడ్డంగా ఊపాను.

"ఫ్లోరైడూ అంతే. నీళ్లలో కరిగిపోయి ఉంటుంది. ఫిల్టరు మట్టిని ఆపుతుంది గాని దాన్ని ఆపదు. కాచినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పైగా టీ ఆకులోనే ఫ్లోరైడు ఉంటుంది. ఆ నీళ్లు, ఆ టీ, రోజుకు మూడుసార్లు." ఆమె గొంతులో కోపం లేదు. "ఇంకా పిల్లలున్నారా?"

"పాప ఉంది. నాలుగేండ్లు."

"ఆ అమ్మాయి పళ్లు ఇంకా చిగురు లోపలే తయారవుతున్నాయి. ఈ బాబుకు వచ్చిన చార పోదు గాని, తర్వాత రావలసినవి చాలా ఉన్నాయి. టీ ఆపండి, నీళ్లు మార్చండి. లోతు బోరు కాకుండా పాత చేదబావి ఏదైనా ఉంటే ఒక సీసాలో పట్టి తెచ్చివ్వండి, పరీక్ష చేయిద్దాం."

బస్సులో మావాడు నా ఒళ్లో తల పెట్టుకొని పడుకున్నాడు. నేను వాడి నోటి వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కంపెనీ నన్ను మోసం చేసిందని పొద్దున అనుకున్నాను. వాళ్లు నూట ఇరవైకే ఫిల్టరు ఇచ్చి ఉంటే దాన్ని ఇంట్లో పెట్టుకొని, ఇక భయం లేదనుకొని అవే నీళ్లు తాగించేదాన్ని. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

ఊళ్లో దిగగానే ఆపా దగ్గరికి పోయి మూడు గ్లాసులు ఇచ్చాను. సంగతంతా చెప్పాను. ఆమె గ్లాసును వేలితో మీటి చూసింది.

"మా సాయిబుకు చాయ్ పోస్త గిండ్ల. చాయ్‌తోని పండ్లు పోతయంటే నమ్మబుద్ధి అయితలేదు చెల్లె. మా అమ్మ ఎనబై ఏండ్లు తాగింది."

"మరి ఆమె పండ్లు?"

"పండ్లెక్కడియి. నేను పుట్టకముందే ఊడినయి." అని తనే నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, "నా సిన్నదానికి మూడేండ్లే కదనే," అంది.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. పిల్లలను రాసిచ్చినవా అని ఎప్పుడో అన్న మాటను ఆయన గుర్తు చేయలేదు, అందుకే ఇంకా కష్టంగా అనిపించింది. ఊరవతల కుంట పక్కన పాత చేదబావి ఉందని, పొద్దున్నే సైకిల్ మీద రెండు క్యాన్లు తెస్తానని అన్నాడు. పరీక్షకు సీసా తానే తీసుకుపోతానన్నాడు.

మర్నాడు పిల్లలు ఎప్పటిలాగే గ్లాసులు తెచ్చుకొని గడప దగ్గర కూర్చున్నారు. నేను ఇద్దరి గ్లాసులూ తీసుకొని వాళ్ల ముందు కూర్చున్నాను.

"ఇయ్యాల్టి నుంచి మీకు చాయ్ లేదు," అన్నాను.

"ఫిల్టర్ రాదా మరి?" అన్నాడు పెద్దవాడు.

"రాదు. వచ్చినా మన నీళ్లకు పనికి రాదు. నాయిన బాయి నీళ్లు తెస్తున్నడు, ఇంట్ల గవే తాగుండ్రి. బడికి సీసల పోసిస్త. అయిపోతే ఇంటికి రాండ్రి గాని బోరింగు కాడికి పోవద్దు."

"ఆపా ఇస్తే?" అంది చిన్నది.

"ఆపా ఇచ్చినా తాగొద్దు. ఎవరిచ్చినా, మా అమ్మ వద్దన్నది అను. ఇన్ని దినాలు మీ అమ్మే పోసింది కద అని అడిగితే, అమ్మకు తెల్వక పోసింది, తప్పు అమ్మదే అని చెప్పు."