వేర్లు లేని పాచి

నా చిన్నప్పుడు, ఒక వేసవి మధ్యాహ్నం, శాంతిపురంలో మా ఇంటి వసారాలో ఉన్నవాళ్లు ముగ్గురు: మా మేనత్త, మా పెద్దనాన్న కొడుకు, నేను. ఉన్న వస్తువులు: ఒక భూతద్దం, నీళ్ల డ్రమ్ములోంచి ముంచిన చెంబెడు దోమపురుగులు, బకెట్ నిండా పాచి, నేను రోజూ పాలు తాగే గాజు గ్లాసు.

పాచి ఊరి బయట వదిలేసిన గ్రానైటు గుంతలోది. మరుసటి రోజు అందులో దూకాలని అన్నా నేనూ అనుకున్నాం. ఇద్దరికీ ఈత సరిగా రాదు. సంగతి బయటపడి ఇంట్లో అందరూ తిట్టారు. తిట్లకు ఆగే రకం కాదు మా అన్న. కుప్పంలో సైన్సు టీచరుగా పనిచేసే మా అత్త మాత్రం గుంత దగ్గరికి వెళ్లి, గట్టు మీద నుంచే బకెట్ వదిలి ఆ పాచి తోడుకొచ్చింది.

“పాచి ఉండాదంటే కింద నేల అందినట్టే కదత్తా. మన సెరువులో అంతే గదా” అన్నాడు అన్న.

“అట్లయితే దీనికి వేర్లు యాడుండాయో సూపించప్పా.”

చేతులు పెట్టాం. కుళ్లిన గుడ్డు వాసన. వెంట్రుకల్లాంటి ఆకులు చీమిడిలా వేళ్లకు చుట్టుకుని, విదిలించినా వదల్లేదు. కొస నుంచి కొసదాకా తడిమినా ఒక్క వేరూ దొరకలేదు.

“ఉంటే కదా. ఇది ఊరికే తేలతా ఉంటాది. నేలతో దీనికి పనే లేదు.”

“మరి తిండెట్లా?” అన్నాను.

అత్త ఒక కొమ్మ తుంచి నా గ్లాసులో వేసి, పురుగుల నీళ్లు పోసింది. భూతద్దంలో చూస్తే ఆకుల మధ్య ఆవగింజంత తిత్తులు. కొన్ని ఖాళీగా, గాజులా ఉన్నాయి. కొన్ని నల్లగా ఉబ్బి ఉన్నాయి. అవి కడుపు నిండినవట. ఒక తిత్తి పురుగు తోకను లోపలికి లాగేసింది. సగం దేహం లోపల, తల బయట. తల ఇంకా కొట్టుకుంటోంది. కాసేపటికి చూస్తే ఇంకొంచెం లోపలికి పోయింది. నా నోట్లో పుల్లటి నీళ్లు ఊరాయి.

“మనుషుల్ని గూడా తింటాదా?” అన్నాడు అన్న, వేళ్లు చొక్కాకు తుడుచుకుంటూ.

“నేనట్లా అన్లేదు. ఈడ ఒక్క కొమ్మే ఉండాది. గుంతలో ఎన్నుండాయో ఎంచుకోని దూకండి.”

సాయంత్రం అదే గ్లాసు కడిగి పాలిచ్చారు. వాంతి చేసుకున్నాను. ఆ వేసవిలోనే కాదు, తర్వాత కూడా మేం ఆ గుంత వైపు పోలేదు.

ఆ తిత్తులు దోమపురుగు కంటే పెద్ద ప్రాణిని ఏమీ చేయలేవని కాలేజీలో ఉన్నప్పుడు చదివాను. అత్త అబద్ధం ఆడలేదు. మా భయాన్ని సరిదిద్దలేదు, అంతే. ఆ రోజు ఆమె చెప్పినవాటిలో అసలైనది వేర్ల మాట. మేం మాత్రం పురుగును చూసి ఆగిపోయాం. ఇప్పటికీ గాజు గ్లాసులో పాలు తాగలేను. నీళ్ల మీద పచ్చగా ఏది కనిపించినా ముందు కర్రతో ఎత్తి, వేర్లున్నాయా అని చూస్తాను.

ఇప్పుడు నాది సర్వే పని. పోయిన ఏడాది ఆ గుంత చుట్టూ కంచె వేసేముందు కొలతలు తీసే పని నాకే వచ్చింది. అన్న దూకుదామన్న చోటే, గట్టు పక్కన, ఆ పాచి మధ్యలోంచి గుండు కట్టిన టేపు వదిలాను. చీమిడి మళ్లీ చేతికంతా అంటుకుంది. టేపు ఆగాక చదివాను.

డెబ్బై ఎనిమిది అడుగులు.