సగంలో ఆగిన వరస

వాకాడు జాలరి చిన్నపోలయ్యకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె కవాటం సన్నబడిపోయింది, రేపే ఆపరేషన్. అయినా మద్రాసు ఆసుపత్రి మంచం కమ్మీకి దారం కట్టి వల అల్లుతూనే ఉంటాడు. పట్టిన వరస ముగియనిదే భోజనానికైనా లేవడు. వారం కిందట ఇదే ఆపరేషన్ అయిన పక్క మంచం మదార్, కోట ఊళ్లో దర్జీ, చొక్కా ఎత్తి కుట్లు చూపించాడు. వల ముళ్లు చూసినట్టే పోలయ్య ఒక్కొక్కటీ వేలితో తడిమి, "గట్టిగానే ఏసినారే" అన్నాడు.

"దగ్గొస్తే దిండు రొమ్ముకు అదుముకో అన్నా, నొప్పి తెలీదు" అని నేర్పాడు మదార్.

మర్నాడు పొద్దున స్ట్రెచర్ వచ్చేసరికి వరస సగంలో ఉంది. పోలయ్య లేచాడు.

"ముగించి పో అన్నా, సగంలో లేచేవాడివి కాదే!" అన్నాడు మదార్ కంగారుగా.

అల్లే పుల్లను అతని చేతిలో పెట్టాడు పోలయ్య.

"ఉండనీ. సగంలో ఇడిసింది ముగించేదానికి నేనే రావాల గదా."