బరంపురం దారిలో మోకాళ్ళ మొక్కు

డిసెంబరు చలిలో, పొద్దున్న ఆరు కాకుండానే, ఒడిశా కొండల్లోని తప్తపాణిలో దుప్పటి వదిలి సైకిలెక్కాలంటే కొంత మొండితనం కావాలి. విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా పిల్లల చేతుల్లో గాజు సామాను పగలకుండా చూస్తున్న నాకు దానికి లోటు లేదు. పర్లాకిమిడి మీదుగా ఒంటరిగా తొక్కుకుంటూ రావడం అది నాలుగో రోజు. బరంపురం చేరి, మధ్యాహ్నం రైల్లో సైకిలుతో సహా ఇంటికి వెళ్ళిపోవాలి.

బయల్దేరే ముందు అక్కడి వేడినీటి గుండంలో చేతులు ముంచాను. తెలివితక్కువ పని. ఘాట్ దిగుతుంటే తడి వేళ్ళు కొయ్యబారిపోయాయి. రెండో మలుపు దగ్గర ఆగి, సంచిలోంచి మేజోళ్ళు తీసి చేతులకి తొడుక్కున్నాను. పొగమంచులోంచి వచ్చిన లారీ డ్రైవరు నన్ను చూసి రెండుసార్లు హారను కొట్టాడు. నేను మేజోడు ఊపాను.

ఏడున్నరకి దిగపహండి. బస్టాండు పక్క టీ కొట్లో వేడివేడి మినప వడలు తింటూ కూర్చున్నాను. ఒక్కదానివే ఎందుకు తొక్కుతున్నావని దారంతా అందరూ అడిగినవాళ్ళే. సరదాకి అంటే ఎవరూ నమ్మలేదు. టీ కొట్టాయన కూడా ఒడియాలో ఏదో అడిగాడు. నాకు చిక్కిన మాట ఒక్కటే: "మానసికొ?"

పిచ్చా అని అడుగుతున్నాడనుకున్నాను. విసుగొచ్చి ఔనని తలూపాను. ఆయన చేతులు జోడించి, నా ఆకులో ఇంకో రెండు వడలు వేశాడు.

పక్క బల్ల మీద ఒక పెద్దాయన బస్సు కోసం చూస్తున్నారు. బరంపురంలో పప్పుల టోకు వ్యాపారమట. "ఒడియాలో మానసిక అంటే మొక్కమ్మా," అని విడమరిచారు. "ఏటి మొక్కుకున్నావో సెప్పకూడదా?"

నిజం చెప్పాల్సింది అక్కడే. కాని వడలు చాలా బాగున్నాయి.

"మా ఆయన మోకాళ్ళ నొప్పులు తగ్గాలని, బాబాయిగారూ," అన్నాను. మా ఆయన రోజూ గంటసేపు షటిల్ ఆడతాడు.

"మా ఇంటిదానికీ అదే బాధ. మా ఇల్లు నీ దార్లోనే. ఆగకుండా ఎల్లిపోతే ఊరుకోను," అని నా ఫోను నంబరు తీసుకుని బస్సెక్కారు.

పది దాటాక బరంపురం పొలిమేరలో చూద్దును కదా, రోడ్డు పక్కన ఆయన బంతిపూల దండతో నిలబడి ఉన్నారు. వెనక నలుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. అందరూ కలిసి నన్ను ఇంటికి నడిపించుకుపోయారు. కింద కొట్టు, మీద ఇల్లు. ఆయన భార్య కామాక్షమ్మగారు, అరవై దాటిన మనిషి, పసుపునీళ్ళ చెంబుతో ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగారు. నా కాళ్ళు కడగడానికి వంగుతుంటే ఆవిడ మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"నా మోకాళ్ళకీ ఓ మాట అనుకోమ్మా," అన్నారు మెల్లగా.

నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. సిగ్గేసింది. ఆడవాళ్ళు తమ ఇళ్ళకీ, పెద్దాయన కొబ్బరికాయకనీ వెళ్ళగానే కామాక్షమ్మగారి చెయ్యి పట్టుకుని చెప్పేశాను. "పిన్నిగారూ, నాకే మొక్కూ లేదు. సరదాకి తొక్కుతున్నాను."

ఆవిడ వీధి వైపు ఓసారి చూశారు. "ఆయనకి సెప్పీసేవేటి?"

"లేదండి."

"సెప్పకు. నీ మొక్కు సంగతి ఈదంతా సాటింపేసీసేరు." తరవాత గొంతు తగ్గించి, "ఆ బండి నేనెక్కితే పడిపోతానేటి?" అన్నారు.

పెళ్ళికి ముందు బడికి సైకిలు మీదే వెళ్ళేవారట. గోదాం వెనక జాగాలో సీటు కిందికి దించి ఎక్కించాను. రెండు చుట్లు వెనక కేరియరు పట్టుకుని పరిగెత్తాను. మూడో చుట్టుకి నా అవసరం లేకపోయింది.

"మెట్లెక్కితే సూదులు గుచ్చినట్టుంటాది. దీని మీద అంత లేదు సూడు," అన్నారు ఆవిడ, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని తొక్కుతూనే.

పెద్దాయన కొబ్బరికాయతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏటే ఇది?"

"మొక్కులో సగం నన్ను తీర్సమంది," అన్నారు ఆవిడ, ఆగకుండా.

ఆయన నావైపు చూశారు. నేను కొబ్బరికాయ వైపు చూశాను. ఆవిడ బండి ఆపాక ఆయన ముందు చక్రం దగ్గర దాన్ని కొట్టారు.

భోజనాల దగ్గర నాకు శాస్తి జరిగింది. మొక్కులో ఉన్నవాళ్ళు అన్నం తినకూడదని నాకు రెండు అరటిపళ్ళు, గ్లాసెడు పాలు ఇచ్చారు. ఎదురుగా పెద్దాయన వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకుని వడియాలు కరకరలాడించారు. కామాక్షమ్మగారు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఈ దారిన వచ్చేవాళ్ళు చేతి తొడుగులు మరిచిపోకండి. స్టేషనులో సైకిలు బుక్ చెయ్యడానికి గంట ముందు వెళ్ళండి. నేను రెండింటికల్లా పని ముగించి రైలెక్కి కూర్చున్నాను. నాలుగు రోజుల్లో ఎంతమందికి చెప్పానో, సరదా అన్న మాటని నమ్మింది మాత్రం ఆవిడొక్కరే.

ఇచ్ఛాపురం దాటాక ఫోను మోగింది. కామాక్షమ్మగారు.

"అమ్మాయ్, ఈయన్ని సైకిల్ షాపుకి లాక్కొచ్చీసేను. మొక్కు తీరాలంటే ఎన్నాళ్ళు తొక్కాలని అడుగుతన్నారు. ఏటి సెప్పమంటావు?"

"మండలం రోజులనండి," అన్నాను.

"నలభై రోజులు ఏ మూలకమ్మా?" అన్నారు ఆవిడ. ఆపైన ఫోను పక్కకి తిప్పి భర్తతో అన్నది నాకు స్పష్టంగా వినిపించింది.

"మూడేళ్ళంట."