మంత్రిగారి కాగితాలకు కాపలా

మా కోడలి తండ్రిగారు పోయిన మంగళవారం ఉదయం ఇక్కడే, సిడ్నీలోని గిరావీన్‌లో, మా అబ్బాయి ఇంట్లో కన్నుమూశారు. స్వదేశంలో ఆయనను ఎరిగినవారికి తెలియజేయవలసిన బాధ్యత నాపై ఉన్నది.

ఆయన ఒక రాష్ట్రమంత్రిగారికి చిరకాలం ఆంతరంగిక కార్యదర్శి. ఆయన రాసిన ముసాయిదాలలో, బడిపంతులుగా పనిచేసిన నాకు, దిద్దవలసిన తప్పు ఒక్కటీ కనబడలేదు. ఈ మాట నేను మరెవరి గురించీ అనలేదు. మంత్రిగారు గతించాక వారి కుమారులు కాగితాలన్నిటినీ తూకానికి వేయబోతే ఈయన అడ్డుపడి తెచ్చుకున్నారు. కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని గుర్తిస్తాయో లేదోనన్న బెంగతో మా పిల్లలు ఆఫీసులకే అంకితమైన రోజులలో, ఇంటికి తోడుగా మమ్మల్నిద్దరినీ పిలిపించారు. ఆయన పెట్టెలలో బట్టలకు బదులు ఆ కాగితాలే వచ్చాయి.

పగలంతా ఇంట్లో మేమిద్దరమే. కారు నడపడం ఇద్దరికీ రాదు. కిటికీ తెరిస్తే అలారం మోగుతుందని పిల్లల హెచ్చరిక.

ఒకసారి కోడలు ఆయనను నగరంలోని పెద్ద గ్రంథాలయానికి తీసుకువెళ్ళింది. అక్కడ ఈ దేశపు నాయకుల కాగితాలను, వారు ఉంచుకున్న వరుస చెదరకుండా, భద్రపరుస్తారు; తుప్పు పట్టిన గుండుసూదులను మాత్రం తీసివేస్తారు. మంత్రిగారివి కూడా తీసుకోమని ఈయన అడిగితే, పరాయి దేశపువి తీసుకోలేమని మర్యాదగా చెప్పారట.

ఆనాటి నుండి గుండుసూదులు తీయడమే ఆయన దినచర్య. తీసినవి కాఫీ డబ్బాలో వేసేవారు. తేదీల ప్రకారం సర్దుదామని నేను చేయి చాపితే, "బావగారూ, ఇది మీ పదో తరగతి కాదండీ. చాకలిపద్దు పక్కన రాజీనామా పెట్టుకున్నారంటే మంత్రిగారికేదో కారణం ఉంటుంది" అనేవారు.

కోడలికి నెలలు నిండుతున్నాయి. "నాన్నా, ఆ రూమ్ బేబీకి కావాలి. పేపర్స్ రీసైక్లింగ్‌కి ఇచ్చేద్దాం, ప్లీజ్" అన్నది.

"నన్నూ అందులోనే వేసెయ్యమ్మా" అన్నారాయన నవ్వుతూ. ఆమె నవ్వలేదు. ఆ తరువాత ఆయన గది విడిచి రావడమే తగ్గించారు.

"మనం వెళ్ళిపోదాం, బావగారూ" అని నేను బతిమాలేవాణ్ణి.

"వీటిని ఎక్కడ దింపనండీ? అక్కడ తూకం, ఇక్కడ రీసైక్లింగ్."

నిన్న మా అబ్బాయి గుమ్మంలో నిలబడి, "డాడీ, మీకు టికెట్ బుక్ చేసేదా? రూమ్ కూడా క్లియర్ చేసేస్తాం" అన్నాడు. ఎంతో కాలంగా నేను ఎదురుచూసిన మాట అది.

బల్లమీద చివరి కట్ట విప్పి ఉన్నది. "ఇంకా కొంచెం పని ఉందిరా" అని బావగారి కుర్చీలో కూర్చున్నాను. పై కాగితంలో గుండుసూది సగం వరకే లాగి ఉన్నది. దాని చుట్టూ తుప్పు మరక.