ఎస్సై సప్పుడు చేసే బండి

బండి కొనాలని నిర్ణయించుకున్ననాటికి నాకు సైకిలు తప్ప మరేదీ నడపడం రాదు. ఆ సైకిలు కూడా సిరిసిల్లలో మా బాపుది. దానికి బ్రేకులు పడేవి కావు. రెండు కాళ్ళూ నేలకు రాసి ఆపేవాణ్ణి. ఆ విద్యతోనే మోటారు సైకిలు కూడా నడిచిపోతుందని గట్టి నమ్మకం.

అప్పుడే కొత్తగా పశువుల దవాఖానలో ఉద్యోగం వచ్చింది. డాక్టరును కాను, డాక్టరు దగ్గర సహాయకుణ్ణి. పల్లెల్లో సూది పట్టుకున్నవాడెవడైనా డాక్టరే కాబట్టి, ఆ పొరపాటును సరిదిద్దే ప్రయత్నం నేనెప్పుడూ చేయలేదు. జగిత్యాలలో గది, కొడిమ్యాల వైపు పల్లెల్లో పని. ఆ రోజుల్లో ఆ పల్లెలకు బస్సు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. అడవిలోని అన్నలు, అంటే నక్సలైట్లు, బందు అన్నారంటే బస్సు డిపోలోంచి కదిలేది కాదు. ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందని తెలిస్తే సగం దారిలోంచి వెనక్కి తిప్పేవారు. ఐసు డబ్బాలో గాలికుంటు టీకా మందు పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడితే, బస్సు వచ్చేసరికి డబ్బాలో ఐసు కాస్తా నీళ్ళయ్యేది.

"ఓ బండి కొనుక్కోరాదయ్యా" అన్నారు మా డాక్టరుగారు. ఆయన ఐసు గురించి అన్నారు. నేను నా హోదా గురించి అనుకున్నాను.

కోరుట్లలో మా బావ ఉండేవాడు, పెద్దక్క భర్త. రైతుల దగ్గర పసుపు కొని మెట్‌పల్లి మార్కెట్లో అమ్మేవాడు. బండ్ల గురించి బావకు తెలియనిది లేదని అక్క ఎప్పుడూ చెప్పేది. బావకు మాత్రం బండి లేదు. అందులో ఆలోచించాల్సిన విషయం ఒకటుందని అప్పుడు నాకు తట్టలేదు. కబురు పంపగానే, అమ్మకానికి ఉన్న మూడు బండ్లను తన పసుపు కల్లంలోకి తెప్పించి వరుసగా నిలబెట్టించాడు. కొడుకు మొదటిసారి ఇంత పెద్ద వస్తువు కొంటున్నాడని సిరిసిల్ల నుంచి బాపు కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు.

బాపు జీవితమంతా సాంచాల మధ్యే గడిచింది. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. వాటి మోతలో పడి ఆయనకు చెవులు బాగా మందగించాయి. కానీ ఆ సంగతి ఒప్పుకునేవాడు కాదు. ఈ కాలం వాళ్ళు గొంతులోనే గొణుగుతారని, మాట్లాడడం రాదని మమ్మల్నే తప్పుపట్టేవాడు.

మొదటిది చిన్న బండి. కొత్తరకం, నెమ్మదైనది. నాలాంటి చేతకానివాడి కోసమే దాన్ని తయారుచేశారని ఇప్పుడు తెలుస్తోంది. తెచ్చినాయన స్టార్టు చేశాడు. బాపు వంగి చూశాడు.

"స్టార్టు చెయ్యుమను" అన్నాడు.

"అయ్యింది బాపూ, నడుస్తనే ఉన్నది!" అని అరిచాను.

"ఏడ నడుస్తున్నదిరా? సప్పుడే లేదు. సచ్చినట్టున్నది."

రెండోది కొంచెం గొణిగింది. బాపు చెవిని దానికి దగ్గరగా పెట్టి విని, దగ్గుతో బాధపడే మనిషిని చూసినట్టు జాలిగా చూసి పక్కకు జరిగాడు.

మూడోది పెద్ద బండి. నల్లగా, బరువుగా, దున్నపోతులా నిలబడి ఉంది. దాన్ని తెచ్చినవాడు కిక్కు కొట్టగానే గోడ మీది పావురాలు లేచిపోయాయి. పసుపు ఆరబోస్తున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. మా బాపు ముఖం వెలిగిపోయింది.

"గిదిరా ఇంజనంటే! మనిషి లెక్క మాట్లాడుతున్నది" అన్నాడు.

బావ నా భుజం మీద చెయ్యేశాడు. "సర్కారు నౌకరి చేసెటోనివి. గా చిన్న బండి మీద పోతే గొడ్లు సుత నిన్ను లెక్కజెయ్యయి. నా మాటిను, గిదే తీస్కో. అప్పుడప్పుడు నేను సుత మెట్‌పల్లి దాక పోయొస్త." ఆ చివరి మాట కొంచెం మెల్లగా అన్నాడు.

నేను బ్రేకుల గురించి అడగలేదు. ఎంత పెట్రోలు తాగుతుందని అడగలేదు. నా కాళ్ళు నేలకు అందుతాయా లేదా అని కూడా చూసుకోలేదు. బండి అద్దంలో నా మీసం ఎలా కనిపిస్తుందో మాత్రం చాలాసేపు చూసుకున్నాను.

ఆ బండి ఒక దొరగారిది. అన్నలు ఊరు విడిచి పొమ్మంటే, కుటుంబంతో కోరుట్లకు వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్నాడు. మెత్తని మనిషి, తెల్లటి ధోవతి. బండి వెంట తనే వచ్చి ఓ మూల నీడలో నిలబడ్డాడు. బేరం కుదిరాక నా దగ్గరికి వచ్చి, "తీస్కపో నాయినా. దీన్ని కండ్ల ముందల వెట్టుకుంటే నాకు నిద్రవడ్తలేదు" అన్నాడు.

బండి మీద ఎంత ప్రేమో పాపం, అనుకున్నాను. చేతులు పట్టుకుని, "బాగ సూస్కుంట దొరా, రంది వెట్టుకోకుండ్రి" అని ఓదార్చాను కూడా. ఆయన నన్ను వింతగా చూశాడు.

ఇక నడిపి చూడాలి. బావ వెనక నిలబడి క్లచ్చు, గేరు, యాక్సిలేటరు గురించి గబగబా చెప్పాడు. నేను అన్నిటికీ తల ఊపాను. క్లచ్చు వదలగానే బండి నన్ను తీసుకుని ముందుకు దూకింది. నేను నడపడం లేదు, అది నన్ను మోసుకుపోతోంది. ఎదురుగా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు చాపల్లా పరిచి ఉన్నాయి. నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో, రెండు కాళ్ళూ నేలకు రాసి ఆపబోయాను. చక్రాల కింద కొమ్ములు గోళీల్లా దొర్లాయి. బండి ఒక పక్కకు, నేను మరో పక్కకు పడ్డాం. పడ్డాక కూడా అది ఆగకుండా గుడుగుడుమంటూనే ఉంది.

పసుపు పరుస్తున్న ఒకామె కొంగు నడుముకు చెక్కుకుని వచ్చింది. "ఓ సారూ, పసుపు తొక్కుడు గిట్ల గాదు. దానికి వేరే మిషినున్నది" అంది. కల్లమంతా నవ్వింది. బాపు ఒక్కడే నవ్వలేదు. పడి ఉన్న బండి దగ్గరికి పోయి, "పడ్డా సుత బందు గాలే సూడు" అని మురిసిపోయాడు. పక్కనే మోకాలు పట్టుకుని కూర్చున్న కొడుకు ఆయనకు కనిపించలేదు.

కొన్నాళ్ళు జగిత్యాల శివార్లలో కిందా మీదా పడి నేర్చుకున్నాను. తర్వాత ఐసు డబ్బా వెనక కట్టుకుని పల్లెలకు బయలుదేరాను. అప్పుడు మొదలైంది నా వైభవం.

నేను ఊళ్ళోకి వస్తుంటే చాయ్ హోటలు ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. బీడీలు ఆర్పేసేవారు. పేకాట ఆగిపోయేది. కొందరు తలగుడ్డలు తీసేవారు. ఇన్నాళ్ళూ బస్సు దిగి నడిచివస్తే పలకరించనివాళ్ళు వీళ్ళేనా అనిపించేది. బండి మనిషికి ఎంత గౌరవం తెస్తుందో అనుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. నల్ల కళ్ళద్దాలు కూడా కొన్నాను. ఒకసారి రోడ్డు మీద తనిఖీ చేస్తున్న కానిస్టేబుల్ దూరం నుంచే నాకు సెల్యూట్ కొట్టాడు. నేనూ చెయ్యి పైకెత్తి అందుకున్నాను. దగ్గరికి పోయాక నా ముఖం చూసి, "ఎవనివిరా నువ్వు?" అని మండిపడ్డాడు. సెల్యూట్ అందుకున్నందుకు చాలాసేపు ఎండలో నిలబెట్టాడు. ఆయన చూపు బాగాలేదని సర్దిచెప్పుకున్నాను.

నన్ను బాధపెట్టిన సంగతి ఒక్కటే. కొన్ని ఊళ్ళలో మనుషులే దొరికేవారు కాదు. తలుపులు తీసే ఉండేవి, పొయ్యి మీద కూర ఉడుకుతుండేది, మనుషులు మాత్రం లేరు. సూదులంటే భయపడి గొడ్లను తోలుకుని పోతున్నారని డాక్టరుగారికి చెప్పాను. పల్లెల అజ్ఞానం గురించి మేమిద్దరం చాలాసేపు బాధపడ్డాం.

అలాంటి ఊళ్ళోనే ఒక మధ్యాహ్నం ఓ ముసలమ్మ దొరికింది. దొడ్లో ఒక బర్రె ఈనలేక పడి ఉంది. ముసలమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

"కొట్టుకుంటవా, కొట్టుకో. బర్రెను ఇడిసిపెట్టి నేనేడికీ రాను. మావోడు యాడున్నడో నాకెర్కలేదు" అంది.

"నేనెందుకు కొడ్తనవ్వా? పశువుల దవాఖాన నుంచి అచ్చిన."

ఆమె నన్ను, ఐసు డబ్బాను, మళ్ళీ నన్ను చూసింది. "నువ్వు ఎస్సైవి కాదా?"

"ఎస్సైనా? నేనా?"

"గా ఫట్‌ఫటి మా ఎస్సైదాని తీరుగనే ఉన్నది గదా కొడుకా! గా సప్పుడు ఇనవడంగనే మా ఊరు ఊరంత చెలకలల్ల పడి ఉరుకుతది. ఒకలు బిందె తీస్కొని ఉరుకుతరు, ఒకలు పిలగాన్ని ఎత్తుకొని ఉరుకుతరు. నువ్వచ్చిన కాన్నుంచి మా ఊర్ల ఎవ్వలూ సరింగ బువ్వ తింటలేరు!"

నేను కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. లేచి నిలబడ్డవాళ్ళు, ఆర్పేసిన బీడీలు, తీసిన తలగుడ్డలు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. భూమి చీలితే అందులోకి పోవాలనిపించింది. చీలలేదు. బర్రె మూలిగింది.

చేతులకు నూనె రాసుకుని కూర్చున్నాను. దూడ కాలు మడతపడి ఉంది. ఈ పని మాత్రం నాకు వచ్చు. సరిచేసి లాగేసరికి చొక్కా అంతా పాడైంది, చెమటలు కారిపోయాయి, కానీ దుడ్డె బతికి బయటపడింది. ముసలమ్మ గోడ మీదుగా చెలకల వైపు కేక పెట్టింది. "రాండ్రి, రాండ్రి! ఎస్సై కాదు, గొడ్ల డాకుటరు! ఉత్త పిచ్చోడు!"

జొన్న చేలలోంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. నన్ను చూసి మొహమాటంగా నవ్వారు. ఎవరో చాయ్ తెచ్చిచ్చారు. వాళ్ళందరి వెనకగా వచ్చిన ఒక యువకుడు మాత్రం నవ్వలేదు. నా పేరు, ఊరు, పని, బండి ఎవరి దగ్గర కొన్నదీ వరుసగా అడిగాడు. గొంతు పెంచలేదు. మిగతావాళ్ళు అతనికి దారి ఇస్తూ కొంచెం ఎడంగా నిలబడ్డారు.

"మొన్న గీ బాట మీద ఒకని కోసం కొందరు కూసున్నరు సార్" అన్నాడు. "నీ బండి సప్పుడు ఇనవడ్డది. అచ్చేది ఎస్సై అనుకున్నరు. మూలమలుపు కాడ నువ్వు మలిగినంక ఎనుక ఐసు డబ్బా కనవడ్డది. గందుకే ఆగిండ్రు. బండి మార్చుకో సార్. గీ రోజులల్ల గది మంచిది గాదు."

అతను ఎవరో, ఎవరి మనిషో నేను అడగలేదు. ఆ ఎండాకాలమంతా నేను చేసిన తెలివైన పని అదొక్కటే. చాయ్ గ్లాసు కింద పెట్టి, డబ్బా తాళ్ళు మరోసారి గట్టిగా బిగించాను. నా మీసం, నా నిటారు వీపు, కళ్ళద్దాలు ఏవీ నన్ను కాపాడలేదు. అవన్నీ కలిసి నన్ను చంపబోతే, తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి అడ్డం పడింది. దొరగారికి నిద్ర ఎందుకు పట్టలేదో కూడా ఆ రోజు తిరిగి వస్తుంటే అర్థమైంది. ఆ మలుపు దగ్గర మాత్రం కళ్ళు దాదాపు మూసుకునే నడిపాను.

బండి మార్చాలంటే కొనేవాడు దొరకాలి. అంతవరకూ పని ఆగదు, వానలు పడేలోపు టీకాలు వేయాలి. అందుకని డబ్బాను తీసి ముందు ట్యాంకు మీద, అందరికీ కనిపించేలా కట్టాను. దాన్ని కావలించుకున్నట్టు చేతులు చాపి నడిపేవాణ్ణి. ఎండలోనూ దవాఖాన తెల్లకోటు వేసుకునేవాణ్ణి. ఊరు దగ్గరపడగానే ఇంజను ఆపేసి, దిగి, ఆ దున్నపోతును తోసుకుంటూ ఊళ్ళోకి పోయేవాణ్ణి. చేరేసరికి గుండె నోట్లోకి వచ్చేది. ముందు మంచినీళ్ళు అడిగి, తర్వాతే గొడ్ల సంగతి అడిగేవాణ్ణి.

"డాకుటరు సారు బండిని మేపుకొస్తున్నడు" అని నవ్వేవారు. "గడ్డెయ్యమంటవా సార్?" అని అడిగేవారు. అయినా ఎవరూ పారిపోలేదు. గొడ్లను వాళ్ళే తోలుకొచ్చి నిలబెట్టేవారు. ఆ యేడు మా ఊళ్ళలో టీకా పడని పశువు లేదని డాక్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఎలా సాధించావని అడిగితే, "నడక సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

చివరికి బావే ఒకాయన్ని వెతికాడు. దుబాయి నుంచి వచ్చిన మెట్‌పల్లి మనిషి, టౌనులో తిరగడానికే కావాలన్నాడు. ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పాను. పల్లెల వైపు పోవద్దని బతిమాలాను. "పల్లెలకు పోతే ఎవలు సూస్తరు?" అన్నాడాయన. ఆ మాట వినగానే, బండి సరైన మనిషికే దొరికిందని నాకు నమ్మకం కుదిరింది. అది సందు మలుపు తిరిగేదాకా బావ చూస్తూ నిలబడ్డాడు. మెట్‌పల్లి దాకా తను దాని మీద పోయింది ఒక్కసారే.

తర్వాత జగిత్యాలలో మోపెడ్ కొనడానికి ఒక్కణ్ణే పోయాను. షాపాయన మెరిసిపోతున్న ఎర్ర మోపెడ్ చూపించాడు.

"ఎర్రది వద్దు" అన్నాను.

లోపలికి పోయి ఆకుపచ్చ కలిసిన ఖాకీ రంగుది తోసుకొచ్చాడు.

"అది అసలే వద్దు."

"మరే రంగు కావాలె సార్ మీకు?"

"ఎవ్వలకూ ఏమీ యాదికిరాని రంగేదన్న ఉంటే ఇయ్యు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, గోదాములోంచి లేత నీలం రంగుది తెప్పించాడు. ఇంజను మోత పక్కింటికి కూడా వినబడదు. రెండు కాళ్ళూ నిండుగా నేలకు అందుతాయి. ఎక్కువ బరువు పెడితే కదలదు. కొడిమ్యాల వైపు గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను చేతులెత్తేసేది. అప్పుడు పెడళ్ళు తొక్కాల్సి వచ్చేది. తొక్కేవాణ్ణి.