విజిల్ నా మెడలో పడ్డాక...

మా చిన్నప్పుడు... నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, గుణదలలోని మా బడి గ్రౌండులో ఒక సాయంత్రం డ్రిల్లు సారు తన విజిల్ తీసి నా మెడలో వేశారు.

"ఇవాళ్టి నుంచి ఖోఖో టీముకి నువ్వే కెప్టెన్‌వి శైలజా. మాట విననోళ్ళ సంగతి నువ్వే చూసుకో" అన్నారు.

అబ్బ... ఆ రోజు నా నడకే మారిపోయింది! ఇంటికొచ్చి వసారాలో ఒక్క ఊదు ఊదితే, బియ్యం చెరుగుతున్న మా నాయనమ్మ ఉలిక్కిపడి చేటంతా ఒలకబోసింది.

మర్నాటి నుంచి మొదలెట్టాను. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ అయిదు రౌండ్లు. ఆటలో తప్పు చేస్తే ఇరవై గుంజీలు. నవ్వితే... అదీ తప్పే, పది గుంజీలు! నేను ఊదగానే అంతమంది లేచి పరిగెత్తుతుంటే ఎంత మజాగా ఉండేదో... ఇప్పుడు సిగ్గేస్తోంది గానీ, నిజం.

అందరికంటే ఎక్కువ రౌండ్లు తిరిగింది రోజీ. ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చేది. మా ప్రాక్టీసేమో పొద్దున్నే... ఆ బస్సేమో ఏ రోజూ వేళకి రాదు. టీములో దానంత వేగంగా పరిగెత్తేవాళ్ళు ఇంకొకరు లేరు. నాకంటే బాగా ఆడుతుందని కూడా నాకు తెలుసు. అందుకే దాని మీద ఇంకాస్త ఎక్కువ కఠినంగా ఉండేదాన్నేమో...

జిల్లా పోటీలు వారంలో ఉన్నాయి. ఆ శనివారం రోజీ మళ్ళీ ఆలస్యంగా వచ్చింది.

"ఈ ఒక్కరోజు వదిలెయ్యవే శైలూ, రాత్రి నుంచి జ్వరంగా ఉంది."

"కెప్టెన్ నేనా, నువ్వా?"

పాపం, పరిగెత్తింది. మూడో రౌండులో కూలబడి వాంతి చేసుకుంది. నేను విజిల్ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. టీములో అందరికంటే మెతక పిల్ల పద్మ వెళ్ళి దాన్ని లేపింది. తర్వాత నావైపు తిరిగి, "ఇక నీ విజిల్ నువ్వే ఊదుకో" అంది. ఒక్కొక్కళ్ళే సంచులు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. అంత గ్రౌండులో నేనొక్కదాన్నే మిగిలాను...

సారు దగ్గరికి పరిగెత్తాను. "అందరూ వెళ్ళిపోయారండీ. మీరు గట్టిగా చెప్పండి సార్!"

"బెత్తం పట్టుకుంటే వస్తారమ్మా. వచ్చి మనసుపెట్టి ఆడతారా?" అన్నారు. మళ్ళీ ఆయనే, "విజిల్ ఇచ్చాను గానీ ఎప్పుడు ఊదకూడదో నీకు చెప్పలేదు. ఆ తప్పు నాది" అన్నారు.

ఆ మధ్యాహ్నమే అమ్మని వెంటబెట్టుకుని ఇబ్రహీంపట్నం బయల్దేరాను. బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డాం. అప్పుడు తెలిసింది...

రోజీ నులకమంచం మీద పడుకుని ఉంది. వాళ్ళమ్మ "ఎవరమ్మా నువ్వు?" అని అడిగితే, "దాన్ని పరిగెత్తించిన కెప్టెన్నండీ" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళింది. గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకునే మంచం పక్కన కూలబడ్డాను.

"తప్పయిపోయింది రోజీ. ఆటకి రావే..."

"వస్తా. కానీ శిక్షలేంటో అందరం కలిసి అనుకుందాం. అవి నీక్కూడా ఉండాలి."

సోమవారం అందరం గుండ్రంగా కూర్చుని తేల్చేశాం. బస్సు ఆలస్యమైతే శిక్ష లేదు. తోటిపిల్లని తిడితే మాత్రం, ఎవరైనా సరే, ఒక విడత ఆట బయట కూర్చోవాలి.

ఇక ఫైనల్ రోజు చూడాలి... బందరు పిల్లలతో హోరాహోరీ! పద్మ తేలిగ్గా దొరికిపోయేసరికి నాకు ఒళ్ళు మండింది. "మొద్దుమొహమా, కళ్ళు కనపడట్లా?" అని గ్రౌండు దద్దరిల్లేలా అరిచాను. ఆ విడత అయిపోగానే రోజీ వచ్చింది.

"శైలూ... రూలు."

"ఇప్పుడా? చివరి విడతే!"

"ఇప్పుడే."

అందరూ నావైపే చూస్తున్నారు. సారు ఆకాశం చూస్తున్నారు! కళ్ళనీళ్ళు ఆపుకుంటూ వెళ్ళి గీత బయట కూర్చున్నాను. నా బదులు ఎనిమిదో తరగతి పిల్ల దిగింది.

చివరి నిమిషం... ఇంకొక్కర్ని పట్టుకుంటే కప్పు మాదే! వాళ్ళ పొడుగుపిల్ల చేపపిల్లలా జారిపోతోంది. పద్మ "ఖో!" అని రోజీ వీపు తట్టింది. రోజీ లేచింది... ఉరికింది... స్తంభం పట్టుకుని గాల్లోకి దూకింది... దాని వేళ్ళు ఆ పిల్ల మడమకి తగిలాయి!

నేనెంత అరిచానంటే రెండు రోజులు గొంతు పెగల్లేదు. కూర్చున్నచోటి నుంచి నన్ను లాక్కెళ్ళింది రోజీయే. "రావే, కెప్టెన్ లేకుండా కప్పెవరు పట్టుకుంటారు?" అంది.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో నా కింద పదకొండుమంది పనిచేస్తున్నారు. నేను ఎవరినైనా కసిరితే అందరూ కంప్యూటర్లలోకి తలలు దించుకుంటారు... మొహమ్మీద తప్పని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. చనువుగా ఎదురు నిలబడే స్నేహాలు ఆ వయసుతోనే అయిపోయాయేమో...

మీరూ క్లాసు లీడరో, కెప్టెనో అయ్యే ఉంటారుగా? ఎవరిని ఏడిపించారు, ఎవరు మీ పొగరు దించారు? దాచకుండా చెప్పాలండోయ్!